చెయ్యి మొదట తాకే చోట

బుధవారం పొద్దున తెర నల్లబడడం అది అయిదోసారి. వాసంతి కుర్చీలోంచి లేవలేదు. గోడ గడియారం చూసి, పక్కనున్న రూళ్ళ నోటుబుక్కులో "పదకొండు అయిదు, నల్లగ అయింది" అని రాసి, కింద ఒక గీత గీసింది. తరువాత రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తెర మళ్ళీ వెలిగేదాకా కూర్చుంది.

వెలిగాక కూడా అది ఊరుకోలేదు. కుడివైపు కింది మూలలో ఒక చిన్న పెట్టె దానంతటదే తెరుచుకుంది. వెలుతురు పెంచమంటావా తగ్గించమంటావా అని అడుగుతున్నట్టు అందులో ఒక గీత అటూ ఇటూ జరిగి, మాయమైంది. పెద్ద మానిటర్లు అన్నీ ఇలాగే చేస్తాయి కాబోలు అనుకుంది వాసంతి. ఇంతకుముందు ఆమె ఎప్పుడూ పెద్ద మానిటర్ ముందు కూర్చోలేదు.

ఆమె చేస్తున్న పని పైకి చిన్నదే. దుబాయ్‌లోని జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో సరుకులు ఓడకెక్కించే కంపెనీ ఒకటి ఉంది. ప్రతి కంటైనర్‌కూ తలుపుల ఫోటో ఒకటి, లోపలి సామాను జాబితా ఒకటి వస్తాయి. రెండింటినీ తెర మీద పక్కపక్కన పెట్టుకుని, తలుపు మీది నంబరూ, తాళానికి వేసిన సీలు నంబరూ జాబితాలో ఉన్నట్టే ఉన్నాయో లేదో చూడాలి. ఒక్క అంకె తేడా ఉన్నా గుర్తు పెట్టాలి. రోజుకు నలభై ఫైళ్ళు, సాయంత్రం ఆరులోపు పంపాలి. సోమవారం నుంచి గురువారం దాకా నాలుగు రోజులు, ఇంటి దగ్గర్నుంచే. జీతం లేని పరీక్ష. నెగ్గితే ఉద్యోగం, దాంతోపాటు వీసా. నెగ్గకపోతే ఆమె వచ్చిన విజిట్ వీసా ఈ నెలాఖరుకు అయిపోతుంది, సూట్‌కేసు సర్దుకుని మెట్‌పల్లి దగ్గరి తమ ఊరికి వెళ్ళిపోవాలి. పెళ్ళయి నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళలో ఆలుమగలు ఒక కప్పు కింద ఉన్నది, సెలవులన్నీ కలిపినా ఏడు నెలలు దాటదు.

ఆమె భర్త దయాకర్ అదే కంపెనీ గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. మామూలుగా అతని మంచం జెబెల్ అలీ క్యాంపులో. వాసంతి వచ్చిందని, పక్క ఊరి ఆశన్న సెలవు మీద ఇంటికి పోతూ సత్వా పేటలోని తన గది తాళం అతని చేతిలో పెట్టాడు. ఒక మంచం, ఒక బల్ల, కర్టెన్ వెనక పొయ్యి, కిటికీలో పాత ఏసీ. "పొద్దుగాల ఏసీ రెండు గంటలు బంద్ పెట్టుండ్రి, లేకుంటె లోపల మంచు గడుతది" అని కూడా చెప్పి వెళ్ళాడు.

ఈ పరీక్ష ఇప్పించింది ఉమామహేశ్వరి. తెనాలి మనిషి, కంపెనీ ఆఫీసులో కాగితాల విభాగం చూస్తుంది. దయాకర్ ఒకసారి సెలవు దరఖాస్తు తీసుకెళ్తే, దాన్ని రెండుసార్లు చదివి, "ఎవరు రాశారయ్యా ఇది? ఒక్క కొట్టివేత లేదు" అందట. "మా ఆమె మేడం. కోరుట్లల డిగ్రీ చదివింది. ఊరి బళ్ళ చదివినా రాత ముత్యాల లెక్క ఉంటది" అన్నాడట దయాకర్, ఛాతీ రెండంగుళాలు పెంచి. ఆ తరువాతి వారమే ఆమె తన ఇంట్లో వాడకుండా పడి ఉన్న కంప్యూటర్‌ను, మానిటర్‌తో సహా కారులో వేసుకుని సత్వాకు తెచ్చింది. తిరిగి వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "ముదీర్‌కి, అదే మా మేనేజరుకి, నేను గట్టిగా చెప్పాను. నా మాట పోనివ్వకు తల్లీ" అంది.

ఆ మాట వాసంతి మనసులో దేవుడి పటం దగ్గరి దీపంలా వెలుగుతూనే ఉంది. ముక్కూ మొహం తెలియని మనిషి కోసం ఎవరైనా మాట ఇస్తారని ఆమె అనుకోలేదు.

సోమవారం తెర రెండుసార్లే నల్లబడింది. మంగళవారం పదకొండుసార్లు. నలభై ఫైళ్ళలో తొమ్మిది మిగిలిపోయాయి. సాయంత్రం ఉమామహేశ్వరి ఫోను చేసింది.

"ఏంటమ్మాయ్, ఒంట్లో బాలేదా? ఇంకోసారి ఒక్కటి మిగిలినా ఖలాస్ అంటున్నాడు ముదీర్."

"మంచిగనే ఉన్న మేడం. రేపు మిగలయి" అంది వాసంతి.

బుధవారం తెల్లవారి, డ్యూటీ బూట్లు వేసుకుంటూ దయాకర్ మానిటర్ వెనక చరిచాడు. "మా ఫోర్క్‌లిఫ్ట్ గిట్లనే మొండికేస్తె ఒక్కటి గుద్దితె నడుస్తది."

"బావా, అది నీ ఫోర్క్‌లిఫ్ట్ కాదు. మేడం మానిటర్."

"అయితె మేడంకే చెప్పు. ఇంకోటి ఇస్తది."

"చెప్ప."

"ఎందుకే?"

"ఇచ్చిననాడు మంచిగ ఉండె. నా చేతికొచ్చినంక ఖరాబయింది. ఏం మొఖం పెట్టుకొని చెప్పాలె?"

దయాకర్ లేస్తూ లేస్తూ ఆగాడు. అతనికి కూడా భయంగానే ఉంది. దాన్ని నవ్వుతో కప్పుకోవడం అతని అలవాటు. "నాతూర్ చాచాను అడుగు. ముందట టీవీలు బాగుచేసెటోడంట. గీ బిల్డింగుల పైపులు బాగుచేసుడు కంటె అదే మంచిగ వస్తదని అందరంటరు." కింద బస్సు హారన్ మోగింది. "యల్లా, పోతున్న. ఏడ్వకు మల్ల."

వాసంతి ఏడవలేదు. పదకొండు అయిదుకు అయిదోసారి నల్లబడ్డాక, అప్పటికి పూర్తయిన పద్నాలుగు ఫైళ్ళు పంపేసి, అన్నం గిన్నె పొయ్యి మీంచి దించి, మెట్లు దిగింది.

ఫకీర్ సాహెబ్ ఆ భవనానికి నాతూర్, అంటే కావలి మనిషి. మెట్ల కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, వచ్చేపోయేవాళ్ళను అడుగుల చప్పుడుతోనే పోల్చుకుంటాడు. సొంతూరు రాయచోటి. ఇరవయ్యారేళ్ళు ఇదే పేటలో ఒక వెనక సందు దుకాణంలో టీవీలు, రేడియోలు విప్పి బిగించాడు. దుకాణం మూతబడింది, కళ్ళకు పొరలు కమ్మాయి. భవనం యజమాని పాత ఖాతాదారు కావడంతో ఈ కుర్చీ దొరికింది.

"మూడో అంతస్తు బేటీ. ఏం, నీళ్ళు రాల్యాదా?"

"నీళ్ళొస్తున్నయ్ చాచా. మానిటరే. ఊకె నల్లగైతాంది."

ముసలాయన నిటారుగా అయ్యాడు. "మానిటరా! ఎన్నాళ్ళయ నన్ను ఒగరు ఇట్లాంటిది అడిగి. పొద్దస్తమానం గీజరు, కమోడు, పక్కింటోళ్ళ పిల్లి. పద పద." కుర్చీ కింది నుంచి ఒక నీడో పాలపిండి డబ్బా తీశాడు. అది కదిలినప్పుడు లోపల మేకులూ స్క్రూలూ గలగలమన్నాయి.

గదిలోకి వచ్చి ఆయన ముందు దేన్నీ ముట్టుకోలేదు. మానిటర్ వెనక అరచెయ్యి ఆనించి వేడి చూశాడు. చెవి దగ్గర పెట్టి విన్నాడు. వైరు పీకి పెట్టించాడు, ప్లగ్గు ఇంకో సాకెట్‌లోకి మార్పించాడు. ప్రయోజనం లేదు. పది నిమిషాలకు తెర మళ్ళీ ఆరింది.

"కదలద్దు. నీ ఫోన్‌లో టార్చి ఏసి, తెర మింద ఓరగా కొట్టు. లోపల బొమ్మ మసగ్గా కనపడతాందా?"

వాసంతి ముఖం తెరకు దగ్గరగా పెట్టి, వెలుతురును అటూ ఇటూ తిప్పి చూసింది. "లేదు చాచా. గోడ లెక్క ఉన్నది."

"మంచిదే. బొమ్మ ఉండి ఎలుతురు ల్యాకపోతే లోపల దీపాలు పోయినట్టు. అప్పుడు మన శాత గాదు. ఇది దీపం పోయింది గాదు, మొత్తానికే నిద్దరపోతాంది. నూటికి తొంభై, కరెంటు పలక మింద కెపాసిటర్ పొట్ట ఉబ్బి ఉంటాది. ఇప్పి సూద్దాం."

"ఇప్పొచ్చా చాచా? మేడంది."

"మేడందైనా మహారాజుదైనా లోపల ఉండేది అదే."

ప్లగ్గు తీయించి, వెంటనే విప్పనివ్వలేదు. లోపల కరెంటు కొంత దాక్కుని ఉంటుందట, ఒక చాయ్ తాగినంతసేపు ఆగాలట. ఆగారు. వాసంతికి ఆ నిమిషాలు ముళ్ళ మీద నడిచినట్టున్నాయి. ఇరవయ్యారు ఫైళ్ళు బాకీ ఉన్నాయి. ముసలాయన మాత్రం చాయ్ దగ్గర తొందరపడలేదు.

మంచం మీద దుప్పటి మడతపెట్టి, మానిటర్‌ను దాని మీద బోర్లా పడుకోబెట్టారు. వెనక స్క్రూలు నాలుగు. వాటిని వాసంతే తీసింది, ఎందుకంటే ఫకీర్ సాహెబ్ స్క్రూడ్రైవరు మొదటి రెండుసార్లూ స్క్రూ పక్కన దిగింది. తరువాత చట్రం విడదీయాలి. దానికి ఆయన జేబులోంచి గడువు తీరిన మెట్రో కార్డు తీసి ఇచ్చాడు.

"దీన్ని సందులో పెట్టి, మెల్లగ జరుపుకుంటా పో. టక్కుమన్న కాడల్లా ఒగ పన్ను ఊడినట్టు. బలం ఎయ్యాకు."

వాసంతి బలం వేయలేదు. ఆ వేళ్ళు పదేళ్ళ వయసు నుంచీ అమ్మ కొమురవ్వ పక్కన కూర్చుని బీడీలు చుట్టిన వేళ్ళు. ఆకు చిరగకుండా అంచు మడిచే పని వాటికి ఎవరూ నేర్పనక్కర్లేదు. టక్, టక్, టక్. చుట్టూ తిరిగి వచ్చింది. వెనక రేకు ఊడి చేతికొచ్చింది.

"ఒక్క పన్నూ ఇరగల్యాదే!" అన్నాడు ఫకీర్ సాహెబ్, వేలితో తడిమి. "మా అంగట్లో ఉండింటే నిన్ను సేటు పోనిచ్చింటాడా? సరే, పలక మింద నిలువు డబ్బీలు ఉంటాయి. పైన సదరంగా ఉన్నాయా, ఉబ్బినాయా?"

"సదరంగనే ఉన్నయ్."

"అన్నీ?"

"అన్నీ చాచా. ఆరు."

"జిగురు కారిందా? నల్లగ మాడిందా?"

"ఏం లేదు."

ముసలాయన డబ్బాలోని స్క్రూలను ఊరికే కలియబెట్టాడు. గడియారం పన్నెండున్నర దాటింది.

"కొత్త కాలం సరుకు బేటీ" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "నాకు తెలిసింది అయిపాయ. మూసేద్దాం. ఆ మేడంకే ఫోన్ చెయ్యి."

వాసంతి వెనక రేకు చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. ఫోన్ చేయడమంటే ఈ రోజు పోయినట్టే. ఈ రోజు పోతే ఖలాస్. ఆమెకు సూట్‌కేసు గుర్తొచ్చింది, విమానాశ్రయంలో అద్దాల అవతల చెయ్యి ఊపే దయాకర్ గుర్తొచ్చాడు. అడగని మాట చెప్పడం ఆమెకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. బళ్ళో కూడా సారు పేరు పెట్టి పిలిస్తేనే లేచేది. కానీ ఆ క్షణంలో బల్ల మీది నోటుబుక్కు తీసి ఆయన ముందు పెట్టింది.

"నేను రాసుకున్న చాచా. ఎప్పుడెప్పుడు నల్లగైందో."

"నాకు కనపడదు గదా. సదువు."

"సోమవారం పొద్దుగాల ఏడుంబావు, ఎనిమిది. మంగళవారం ఏడు నుంచి ఎనిమిదిన్నర దాక ఆరుసార్లు. పదకొండు నుంచి పన్నెండు దాక అయిదుసార్లు. నడుమ తొమ్మిది నుంచి పదిన్నర దాక ఒక్కసారి గూడ కాలె. ఇయ్యాళ గూడ అట్లనే." కొంచెం ఆగి, ఎవరైనా తిడతారేమో అన్నట్టు చిన్నగా అంది: "ఏడు గంటలకు ఏసీ బంద్ జేసి కిటికీ తెరుస్త. పదకొండుకు అన్నం పెడుత. ఏసీ నడిచినప్పుడు కాదు చాచా. తడి ఉన్నప్పుడే అయితాంది."

ఫకీర్ సాహెబ్ పొరలు కమ్మిన కళ్ళు ఆమె గొంతు వైపు తిరిగాయి.

"ఇంగేమన్నా సూసినావా?"

"వెలిగినంక మూలకు ఒక చిన్న పెట్టె దానంతటదే తెరుచుకుంటది. గీత ఇటు అటు పోతది."

"దానంతటదేనా? నువ్వు బటన్ నొక్కకుండానే?"

"ఆఁ."

"ఇది ముందే సెప్పల్ల గదా తల్లీ!"

"నువ్వు అడగలె."

ముసలాయన మంచం పట్టె మీద చరిచి నవ్వాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "ఇరవయ్యారేండ్లు జనాలు నా కాడికి వచ్చి, చూడంది గూడ చూసినట్టు సెప్పిరి. చూసింది సెప్పకుండా కుచ్చున్నదానివి నువ్వొగతివే. కరెంటు గాదు బేటీ, బటన్లు. ఎవరో నొక్కుతాండారు అనుకుంటాంది పాపం అది. కింది అంచు కాడ చిన్న పలక ఉంటాది, వేలంత. ఇప్పు."

అది కుడివైపు కింది అంచులో, రెండు బుల్లి స్క్రూలతో బిగించి ఉంది. వాసంతి దాన్ని విప్పి వెలుతురుకు పట్టుకుంది. అయిదు చిన్న బటన్లు వరసగా ఉన్నాయి. వాటి చుట్టూ, సందుల్లో, ఎండిన చారలు. పసుపుపచ్చని చారలు, మధ్యలో ఎర్రెర్రగా.

ఆమె పలకను దగ్గరికి తెచ్చుకుని, గోటితో ఒక చార గీకింది.

"ఏముంది ఆడ? తుప్పా? బొద్దింక గుడ్లా?"

ఆయనకు కనపడదు. ఆ సంగతి వాసంతికి తెలుసు. తడిగుడ్డతో ఒక్కసారి తుడిచేసి, తుప్పు చాచా అంటే సరిపోతుంది. ఆయన నమ్ముతాడు. దయాకర్‌కు తెలియదు, మేడంకు తెలియదు. గదిలో గడియారం చప్పుడు పెద్దదైంది.

"పసుపు చాచా" అంది. "కుంకుమ. నేనే పెట్టిన."

శనివారం దసరా. కొమురవ్వ ప్రతి దసరాకూ బీడీల కత్తెరకూ, చాటకూ, ఇంటి ముందు సైకిల్‌కూ బొట్టు పెడుతుంది. ఎక్కడపడితే అక్కడ పెట్టదు. చెయ్యి మొదట తాకే చోటే పెట్టాలంటుంది. కత్తెరకు బొటనవేలు దూరే కన్నం దగ్గర, సైకిల్‌కు హ్యాండిల్ పిడి దగ్గర. మనకు బువ్వ పెట్టే వస్తువు, మన చేతినీ దాన్నీ కలిపేది ఆ చోటేనట. ఊరి బళ్ళోనూ ఒక కంప్యూటర్ ఉండేది. ఏడాది పొడుగునా దుప్పటి కప్పి, దసరాకు మాత్రం బయటికి తీసేవారు. దాన్ని ఎక్కడ ముట్టుకోవాలో సార్లకే తెలియదు గనక బొట్టు అద్దం నడిమధ్యన పెట్టేవారు. అది ఎన్నడూ చెడిపోలేదు, ఎన్నడూ వెలగను కూడా లేదు.

తన జీవితంలో మొదటిసారి బువ్వ పెట్టబోయే వస్తువు ఒకటి ఎదురుగా ఉంటే, వాసంతి తడి పసుపు వేలికొసకు తీసుకుని, కింది అంచున తాను రోజూ నొక్కి వెలిగించే బటన్ల మీద వరసగా అయిదు బొట్లు పెట్టి, నడుమ కుంకుమ అద్దింది. దండం పెట్టింది. ఆదివారం నొక్కితే వేలికి కుంకుమ అంటింది. మేడం వస్తువు మరకలవుతుందని, తడిగుడ్డతో గట్టిగా రుద్దింది. రుద్దిందంతా సందుల్లోకి దిగింది.

ఇదంతా ఆమె అయిదారు ముక్కల్లో చెప్పింది. చెప్పి తల దించుకుంది.

ఫకీర్ సాహెబ్ డబ్బాలో ఏదో వెతుకుతూ అన్నాడు: "మా అంగడికి ఒగసారి రేడియో ఒగటి వచ్చె. ఒగటే గరగర. ఇప్పి సూస్తే లోపల అత్తరు. దాంట్లోంచి పొద్దున్నే ఖురాను వినపడతాది గదా అని, వాడు మీట మింద అత్తరు పూసినాడు. రోజూ. దుమ్మంతా అతుక్కపోయి మీట బిగిసిపాయ."

"ఎవరు చాచా ఆయన?"

"ఎవరో ఎందుకు? నేనే. నా రేడియోనే. దుబాయ్‌కి వచ్చిన కొత్త." చిన్న స్పిరిట్ సీసా, పళ్ళు తోముకునే పాత బ్రష్షు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "సేటు తిట్టినాడు, బాగుచెయ్యను నేర్పినాడు. ఆ రేడియోతోనే నా పని మొదులు. పట్టు. స్పిరిట్‌లో ముంచి, సందుసందు తోము. నీళ్ళు మాత్రం తగలనీయొద్దు."

వాసంతి తోమింది. పసుపు కరిగి బ్రష్షు వెంట్రుకలకు ఎక్కింది. దూదితో అద్దింది, మళ్ళీ తోమింది. బటన్ ఒక్కొక్కదాన్నీ గోటితో నొక్కి, టిక్కుమని పైకి లేస్తోందో లేదో విన్నది. ఏసీ గాలికి ఆరబెట్టింది. పలక శుభ్రమైంది గానీ, దాని పక్కనున్న తెల్లటి ప్లాస్టిక్ అంచు మాత్రం లేత పసుపుపచ్చగా ఉండిపోయింది. అది ఎంత తోమినా పోలేదు.

మూసి, స్క్రూలు బిగించాక దుప్పటి మీద ఒకటి మిగిలింది.

"చాచా, ఇదెక్కడిది?"

"ఒగటన్నా మిగలకుంటే రిపేరు చేసినట్టెట్ల? ఎయ్యి, ఈ డబ్బాలో." ఆయన డబ్బా ముందుకు చాచాడు. "ఇప్పుడు ఏసీ ఆపు. కిటికీ తెరువు. పొయ్యి మింద నీళ్ళు పెట్టు, బాగా మరగనీ."

సముద్రపు తేమగాలి కిటికీలోంచి వచ్చింది. పొయ్యి మీది ఆవిరి కర్టెన్ దాటి గది నిండా కమ్మింది. ఇద్దరూ చెమటలు కారుతూ మంచం మీద పక్కపక్కన కూర్చున్నారు. ఆయనకు తెర కనపడదు గనక, "ఉందా?" అని మాటిమాటికీ అడుగుతున్నాడు. "ఉన్నది" అంటోంది ఆమె. అయిదు నిమిషాలు. "ఉందా?" "ఉన్నది చాచా." పది నిమిషాలు. పావుగంట. ఆ చిన్న పెట్టె తెరుచుకోలేదు. తెర ఆరలేదు.

"అయితే ఆ నీళ్ళు వృథా చెయ్యాకు. టీపొడి ఎయ్యి" అన్నాడు ఫకీర్ సాహెబ్.

టీ తాగి లేస్తూ ఆయన గుమ్మం దగ్గర ఆగాడు. "ఇంగోసారి బొట్టు పెట్టల్లంటే, కింద కాలు ఉంది సూడు, స్టాండు, దాని మింద పెట్టు. ఆడ కరెంటు ల్యాదు."

"చెయ్యి మొదట తాకే చోటనే పెట్టాలె గద చాచా. మా అమ్మ ఊకోదు."

"కారులోంచి దించి మెట్లెక్కించేటప్పుడు యాడ పట్టుకున్యావు? కాలు పట్టుకునే గదా మోసినావు? మొదట తాకింది అదే. మీ అమ్మకు నేను సెప్పినానని సెప్పు."

మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు ఆగిపోయేదాకా వాసంతి తలుపు దగ్గరే నిలబడింది. ఆ తరువాత కుర్చీలో కూర్చుంది. అప్పటికి రెండున్నర.

సాయంత్రం దయాకర్ వచ్చేసరికి ఆమె తల తిప్పలేదు. అతను తెర వంక చూశాడు, వెలుగుతోంది. బూట్లు చేత్తో పట్టుకుని చప్పుడు కాకుండా లోపలికి వచ్చి, మధ్యాహ్నం దించేసిన అన్నం గిన్నెను మళ్ళీ పొయ్యి మీద పెట్టాడు. ఆమె చివరి ఫైలు పంపినప్పుడు ఆరుకు ఎనిమిది నిమిషాలు తక్కువ. ముప్పయ్యేడో ఫైలులో ఫోటోలోని సీలు నంబరు చివర మూడు ఉంటే, జాబితాలో ఎనిమిది ఉంది. దాన్ని ఎర్రగా గుర్తు పెట్టి పంపింది.

గురువారం నలభై ఫైళ్ళూ మధ్యాహ్నం మూడింటికే అయిపోయాయి. ఏసీ ఆపినా, అన్నం ఉడికినా తెర రెప్ప వేయలేదు. ఇక ఫోన్ మోగేదాకా చేసేది ఏమీ లేదు. కానీ వాసంతి ఫోన్ మోగేదాకా ఆగలేదు. ఫలితం వచ్చాక చెబితే ఆ చెప్పడానికి విలువ ఉండదనిపించింది. తానే ఉమామహేశ్వరికి ఫోన్ చేసి, బొట్టు దగ్గర్నుంచి బ్రష్షు దాకా మొత్తం చెప్పింది. అంచు పచ్చగా ఉండిపోయిందని కూడా చెప్పింది.

అవతల ఆఫీసులో ఎవరో స్టాప్లర్ కొడుతున్న శబ్దం మాత్రం వినిపించింది.

"నువ్వు విప్పావా? నీ చేత్తో?"

"అవు మేడం. చాచా చెప్పిండు, నేను విప్పిన. తప్పయింది."

"తప్పేంటమ్మాయ్! ఆరేళ్ళు నా దగ్గరుంది ఆ మానిటరు. దాని మీద పని చేసే మా ఇంటి లోను తీర్చాను. ఒక్కనాడు గుడ్డ పెట్టి తుడిచిన పాపాన పోలేదు నేను. నువ్వు వచ్చిన వారానికే బొట్టు పెట్టావు." ఆమె నవ్వింది. "పచ్చగా ఉంటే ఉండనీ. ఇక అది నీదే. కానీ నిన్న, మొన్న నాకెందుకు చెప్పలేదు? నేను మాట పోనివ్వకు అన్నది నీ పని గురించి తల్లీ, ప్లాస్టిక్ డబ్బా గురించి కాదు."

వాసంతి చెంపల మీద కారుతున్నది తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

"సరే విను. ఇందాకే నీకు చెయ్యబోతున్నా. ఆ మూడుకీ ఎనిమిదికీ తేడా పట్టావు చూడు, గోదాములో ఇద్దరు చూసి కూడా పట్టలేదట. ఆ కంటైనర్‌ని గేటు దగ్గరే ఆపారు. పాస్‌పోర్ట్ కాపీ, తెల్ల గోడ ముందు తీసిన ఫోటో పంపమన్నాడు ముదీర్. ఇవ్వాళే పంపు."

ఫోన్ పెట్టేశాక వాసంతి కాసేపు గది మధ్యలో నిలబడింది. ఎవరికి ముందు చెప్పాలో తోచలేదు. దయాకర్ డ్యూటీలో ఫోన్ ఎత్తడు. అమ్మ ఈ వేళకు బీడీల కంపెనీకి పోయి ఉంటుంది. అలమర మీద దేవుడి పటం దగ్గర, దసరా నాడు దయాకర్ తెచ్చిన జమ్మి రెమ్మ ఉంది. గోదాము గేటు బయట ఉన్న చెట్టుది. ఇక్కడివాళ్ళు దాన్ని గాఫ్ అంటారు, చూస్తే మన జమ్మే. కొమ్మ విరిస్తే జరిమానా వేస్తారని, కింద రాలిన రెమ్మలు రెండు ఏరి, చొక్కా జేబులో పెట్టుకుని తెచ్చాడు. ఊళ్ళో అయితే ఆ సాయంత్రం జమ్మి ఆకును బంగారమని పెద్దవాళ్ళ చేతిలో పెట్టి దీవెన తీసుకుంటారు. ఇక్కడ పెద్దవాళ్ళెవరూ లేరని, ఆ రోజు ఒకరి చేతిలో ఒకరు పెట్టుకున్నారు. రెండో రెమ్మ అలాగే మిగిలిపోయింది.

వాసంతి దాన్ని తీసుకుని మెట్లు దిగింది.

"మూడో అంతస్తు" అన్నాడు ఫకీర్ సాహెబ్, ఆమె ఇంకా రెండు మెట్ల పైన ఉండగానే. "మళ్ళా నల్లగాయనా?"

"లేదు చాచా. చెయ్యి పట్టు."

ఆయన చాచిన అరచేతిలో రెండు చేతులతో ఆకు పెట్టింది. ఎండి, చిన్న చిన్న ఆకులు కొన్ని రాలుతున్నాయి. ఆయన వేళ్ళతో తడిమాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"జమ్మాకు గదా ఇది. మా రాయచోటి కాడ గూడ ఉంటాది." ఆకును జాగ్రత్తగా గుప్పిట్లోకి తీసుకున్నాడు. "దసరా శనివారమే అయిపాయ గదమ్మా?"

"అయిపోయింది చాచా. నాకు ఇయ్యాళ గుర్తొచ్చింది." ఆమె వంగి ఆయన పాదాలు తాకింది. "ఉద్యోగం వచ్చింది. పాస్‌పోర్ట్ అడిగిండ్రు."

ముసలాయన ఆమె తల మీద చెయ్యి పెట్టి, ఉర్దూలో పెదవుల మధ్యే ఏదో చదివాడు. తరువాత కుర్చీ కింది నుంచి నీడో డబ్బా తీసి, మూత విప్పి, స్క్రూల మధ్య వేలితో కొంచెం జాగా చేసి, ఆకు విరగకుండా అందులో పెట్టాడు.

"ఇందులో పెట్టింది ఏదీ పోదు" అంటూ మూత బిగించాడు. "నీ స్క్రూ గూడ ఈడనే ఉంది."